ఆర్‌బీఐ బాండ్లు కొంటే ఎవరికి చౌక, ఎవరికి ఖరీదు?

2020 ఏప్రిల్. లాక్‌డౌన్ మొదలై ఇంకా నెల కాలేదు. హైదరాబాద్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పెట్టిన ప్రెస్‌మీట్ తెలుగు ఇళ్లలోకి రెండు కొత్త మాటలు తెచ్చింది. ఒకటి క్వాంటిటేటివ్ ఈజింగ్, రెండోది హెలికాప్టర్ మనీ. రాష్ట్రాల ఖజానాలు ఖాళీ అయ్యాయి కాబట్టి రిజర్వు బ్యాంకు జీడీపీలో 5 శాతం మేర డబ్బు వదలాలన్నది ఆయన వాదన. తెల్లారేసరికి టీవీల్లో రెండో మాటే నిలబడింది. పొరుగున ఒక కన్నడ చానెల్ అయితే ప్రభుత్వం నిజంగానే హెలికాప్టర్ల నుంచి నోట్లు జారవిడుస్తుందన్నట్టు కథనం వేసి కేంద్రం నుంచి నోటీసు కూడా అందుకుంది.

నవ్వొచ్చే సంగతే. క్వాంటిటేటివ్ ఈజింగ్ అంటే కేంద్ర బ్యాంకు బాండ్లు, అంటే ప్రభుత్వ అప్పు పత్రాల్లాంటివి, కొనడం. కానీ ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మనలో చాలామంది లెక్కలో అది నోట్లు అచ్చేసి పంచడమే. హెలికాప్టర్ ఊహ 1969లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ చేసింది. అందులో డబ్బు పైనుంచి పడుతుంది, ఏరుకున్నవాడిదే, తిరిగి ఇచ్చే పని లేదు. క్వాంటిటేటివ్ ఈజింగ్‌లో ఎవరికీ ఏదీ ఊరికే రాదు. కేంద్ర బ్యాంకు ఒక బాండు తీసుకుని దాని వెల చెల్లిస్తుంది. అమ్మిన బ్యాంకు ఆస్తి పెరగదు, రూపం మారుతుంది. నిన్న బాండుగా ఉన్నది ఇవాళ ఆర్‌బీఐ దగ్గరున్న ఖాతాలో నిల్వ అవుతుంది. అంత మాత్రానికి పదిహేనేళ్లుగా ప్రపంచమంతా ఇంత రభస ఎందుకంటే, ఆ కొనుగోలు వడ్డీ అనే ధరను ఒక పక్కకు వంచుతుంది. ధర వంగితే ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం తప్పదు. ఎవరికి ఏది దక్కిందన్న లెక్కను మన దగ్గర పెద్దగా ఎవరూ వేయరు.

వంచడం ఎలాగో ముందు చూద్దాం. ప్రభుత్వం రూ.100 బాండు ఇచ్చింది, ఏటా రూ.6 వడ్డీ, పదేళ్ల తర్వాత అసలు. మార్కెట్లో అందరూ 7 శాతం ఆశిస్తున్న రోజున ఈ బాండును ఎవరూ రూ.100కి కొనరు, రూ.93 దగ్గర బేరం తెగుతుంది. ఇంతలో ఆర్‌బీఐ లాంటి పెద్ద చెయ్యి దిగి వేల కోట్ల మేర కొంటానంటే ధర ఎక్కుతుంది. అది మళ్లీ రూ.100కి చేరితే రాబడి 6 శాతానికి దిగినట్టు. రూ.107 దాటితే 5 శాతానికి. బాండు ధర, దాని రాబడి తక్కెడలో రెండు పళ్లాలు, ఒకటి లేస్తే రెండోది దిగుతుంది. దేశంలో దీర్ఘకాలిక వడ్డీలన్నీ ఏదో ఒక మేర ఈ ప్రభుత్వ బాండు రాబడిని చూసే నడుస్తాయి. కంపెనీ అప్పు పత్రాలైనా, రాష్ట్ర ప్రభుత్వాల రుణాలైనా దాని పైన ఇంత అని లెక్కగట్టేవే.

ఈ పనికి ఆద్యులు జపాన్ వాళ్లు, 2001 మార్చిలో. పెద్ద ఎత్తున చేసి లోకమంతా పాకించింది మాత్రం అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు (ఫెడ్). అమెరికా పెట్టుబడుల బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలిన రెండు నెలలకు, 2008 నవంబరు 25న, ఇంటి రుణాల ఆధారంగా పుట్టిన బాండ్లు, వాటిని జారీ చేసే ఏజెన్సీల అప్పు పత్రాలు కలిపి 60,000 కోట్ల డాలర్ల మేర కొంటామని ప్రకటించింది. తర్వాత ఇంకో విడత, మరో విడత. సంక్షోభానికి ముందు 90,000 కోట్ల డాలర్ల దగ్గరున్న దాని ఆస్తుల పద్దు 2014 చివరికి నాలుగున్నర లక్షల కోట్ల డాలర్లయింది. కోవిడ్‌లో మళ్లీ మొదలెట్టి 2022 నాటికి 9 లక్షల కోట్ల దాకా తీసుకెళ్లింది.

ఇంత కొన్నందుకు ఒరిగిందేమిటి? మొదటి విడత కొనుగోళ్లు పదేళ్ల బాండు రాబడిని 0.3 నుంచి 1 శాతం దాకా తగ్గించాయని న్యూయార్క్ ఫెడ్ ఆర్థికవేత్తల అంచనా. ఆ రెండు అంకెల మధ్య ఎడమే చెబుతుంది, ఇది ఎంత కచ్చితమైన శాస్త్రమో. 2021లో నలుగురు పరిశోధకులు ఇలాంటి అధ్యయనాలన్నీ ముందేసుకుని చూస్తే, కేంద్ర బ్యాంకుల ఉద్యోగులు రాసిన వాటిలో ఫలితం ఎక్కువగానూ, బయటి విశ్వవిద్యాలయాల వాళ్లు రాసిన వాటిలో తక్కువగానూ కనిపించింది. ఇందులో కుట్ర ఏమీ లేకపోవచ్చు. కాకి పిల్ల కాకికి ముద్దు, అంతే. ఫెడ్ ఛైర్మన్ పదవి నుంచి దిగే ముందు 2014 జనవరిలో బెన్ బెర్నాంకీ స్వయంగా అన్నమాట ఒకటుంది: క్వాంటిటేటివ్ ఈజింగ్‌తో చిక్కేమిటంటే అది ఆచరణలో పనిచేస్తుంది, సిద్ధాంతంలో పనిచేయదు.

ఆచరణలో ఎప్పుడు పనిచేస్తుందన్న దానికి నాకు కనిపించే గట్టి ఉదాహరణ బ్రిటన్‌ది. 2022 సెప్టెంబరు 23న అక్కడి కొత్త ప్రభుత్వం ఆదాయం సంగతి చెప్పకుండా భారీ పన్ను కోతలు ప్రకటించింది. బాండ్ల ధరలు కుప్పకూలాయి. బాండ్లను తాకట్టు పెట్టి పందాలు కట్టిన పింఛను నిధులు అదనపు పూచీ కట్టడానికి ఆ బాండ్లనే అమ్ముకోవాల్సి వచ్చింది, అమ్మేకొద్దీ ధర ఇంకా పడింది. ఐదు రోజులకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి, 6,500 కోట్ల పౌండ్ల దాకా కొంటామంది. కొన్నది మాత్రం 1,930 కోట్లే. కొనేవాడు ఉన్నాడని తెలిసేసరికి అమ్మేవాళ్ల తొందర తగ్గింది. 2023 జనవరికల్లా ఆ బాండ్లన్నీ తిరిగి అమ్మేసి లాభంతో బయటపడింది. ఇల్లు అంటుకున్నప్పుడు నీళ్లు పోయడం ఇది. మంటలు ఆరాక కూడా ఏళ్ల తరబడి పోస్తూ పోతే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఒక జవాబు 2013లో మన జేబులకే తగిలింది. ఆ ఏడాది మే 22న బెర్నాంకీ అమెరికా కాంగ్రెస్ ముందు, రాబోయే సమావేశాల్లో కొనుగోళ్ల జోరు తగ్గించొచ్చు అన్నారు. ఆపుతామని కూడా కాదు, తగ్గించొచ్చని. అప్పటిదాకా అమెరికాలో రాబడి దొరక్క మన దేశానికి వచ్చిన డాలర్లు తిరుగు ప్రయాణం కట్టాయి. మే మొదట్లో 54, 55 దగ్గరున్న డాలరు ఆగస్టు చివరికి 68 దాటింది. ఆ ఆగస్టులో అమెరికా ఎంఎస్ చదువుకు వెళ్లాల్సిన పిల్లలున్న ఇళ్లలో ఏం జరిగిందో దిల్‌సుఖ్‌నగర్‌లో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీల చుట్టూ తిరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 20,000 డాలర్ల ఫీజు మేలో 11 లక్షలు, ఆగస్టులో 13 లక్షల 60 వేలు. బ్యాంకు మంజూరు చేసిన రుణం పాత లెక్కలోనే ఉండిపోయింది. మిగతా రెండున్నర లక్షలు బంగారం మీద తెచ్చినవాళ్లున్నారు, పొలం కాగితాల మీద తెచ్చినవాళ్లున్నారు. వాషింగ్టన్‌లో ఒక వాక్యం, గుంటూరు జిల్లాలో ఒక తాకట్టు.

అప్పుడు ఆర్‌బీఐ గవర్నరు దువ్వూరి సుబ్బారావు. లేమన్ కూలడానికి పది రోజుల ముందు కుర్చీ ఎక్కి, రూపాయి కూలుతుండగా దిగిన మనిషి. రూపాయిని ఆపడానికి ఆయన 2013 జులై 15న బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర తీసుకునే అత్యవసర అప్పు రేటును ఒక్కసారిగా 8.25 నుంచి 10.25 శాతానికి పెంచారు. అంటే ఫెడ్ బాండ్లు కొన్నప్పుడు వచ్చిన చౌక డబ్బు ఎవరి చేతికి అందిందో తెలియదు గానీ, కొనడం తగ్గిస్తానన్నప్పుడు ఖరీదైన అప్పు మాత్రం మన చిన్న పరిశ్రమ దాకా వచ్చింది. తర్వాత వచ్చిన రఘురామ్ రాజన్ ప్రవాసుల డాలరు డిపాజిట్లకు ప్రత్యేక రాయితీలిచ్చి నిల్వలు నింపారు. అందులో అమెరికాలోని మనవాళ్ల డబ్బూ ఉంది.

ఇక మన సొంత కథ. ఆర్‌బీఐ బాండ్లు కొనడం కొత్తేమీ కాదు. బహిరంగ మార్కెట్ కార్యకలాపాలు అన్న పేరుతో ఎప్పుడూ కొంటూ అమ్ముతూనే ఉంటుంది. ఇంకా మాట్లాడితే ఆర్‌బీఐ అన్నిటికన్నా ఎక్కువగా కొనే ఆస్తి బాండ్లు కాదు, డాలర్లు. వై.వి. రెడ్డి గవర్నరుగా ఉన్నప్పుడు వచ్చిపడిన డాలర్లను కొనీ కొనీ, ఆ కొనుగోళ్లతో బయటికి వచ్చిన రూపాయలను మళ్లీ పీల్చడానికి 2004లో ప్రత్యేకంగా మార్కెట్ స్థిరీకరణ బాండ్లు తేవాల్సి వచ్చింది. ఈ సంగతి మరిచిపోయి, అమెరికా వాళ్ల పాఠాన్ని మన దగ్గర మక్కీకి మక్కీ అప్పజెప్పే టీవీ విశ్లేషణలు వింటే కాస్త చిరాకేస్తుంది.

కొత్తగా వచ్చింది 2021 ఏప్రిల్ 7న. ఆ రోజు అప్పటి ఆర్‌బీఐ గవర్నరు శక్తికాంత దాస్ ప్రకటించిన పథకం పేరు జీ-శాప్, అంటే ప్రభుత్వ బాండ్ల సేకరణ కార్యక్రమం. మామూలుగా ఒక త్రైమాసికం మొత్తంలో ఎంత కొంటుందో ఆర్‌బీఐ ముందే మాట ఇవ్వదు. ఈసారి ఈ త్రైమాసికంలో లక్ష కోట్లు కొంటాం, రాసి పెట్టుకోండి అంది. తర్వాతి త్రైమాసికానికి 1.2 లక్షల కోట్లు. వెరసి 2.2 లక్షల కోట్లు.

ఎందుకా హామీ? రెండు నెలలు వెనక్కి వెళ్లాలి. ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో కేంద్రం వచ్చే ఏడాదికి 12 లక్షల కోట్ల పైన అప్పు తెస్తానంది. జరుగుతున్న సంవత్సరం అప్పు కూడా అంచనాలు దాటింది. మార్కెట్ బెదిరి, 5.9 శాతం దగ్గరున్న పదేళ్ల రాబడి వారాల వ్యవధిలో 6.2 దాటింది. శుక్రవారం శుక్రవారం జరిగే కేంద్ర బాండ్ల వేలంలో డీలర్లు ఎక్కువ రాబడి అడిగితే ఆర్‌బీఐ ఇవ్వలేదు. కొన్ని వేలాలు రద్దు చేసింది, కొన్నిట్లో మిగిలిన సరుకును, అలా మిగిలితే తీసుకునే పూచీ ఉన్న ప్రైమరీ డీలర్ల నెత్తిన రుద్దింది. 6 శాతం దగ్గర గీత గీసి, దాటితే ఒప్పుకోనంది. ప్రభుత్వ బాండ్ల రాబడులు పద్ధతిగా నడవడం ప్రజలందరి సొత్తు లాంటిదని దాస్ పలుమార్లు చెప్పారు. మాట బాగుంది. కానీ ఆ గీత వల్ల ఎక్కువ మేలు పొందిన ప్రజ ఒక్కరే, అప్పట్లో న్యూఢిల్లీ నార్త్ బ్లాక్‌లో ఉన్న కేంద్ర ఆర్థిక శాఖ.

దీన్ని నేను ఆక్షేపణగా అనడం లేదు. లెక్క చూడండి. 12 లక్షల కోట్ల అప్పు మీద ఒక శాతం వడ్డీ తగ్గితే ఏటా 12,000 కోట్లు మిగులు. అది ఒక్క ఏడాది మిగులు కాదు, ఆ బాండు బతికున్నన్నాళ్లూ. 2020-21లో ఆర్‌బీఐ నికరంగా 3.13 లక్షల కోట్ల బాండ్లు కొంది, కేంద్రం చేసిన అప్పు సగటు వడ్డీ 5.79 శాతానికి దిగింది. పదిహేడేళ్లలో అదే కనిష్ఠం. ఉచిత బియ్యం, ఉపాధి హామీ అదనపు కేటాయింపులు, టీకాలు అన్నీ నడుస్తున్న సంవత్సరమది. అప్పు ఖరీదై ఉంటే వాటిలో దేనికో కోత పడేది. ఆ మేరకు బాండ్ల కొనుగోళ్లు తమ పని తాము చేశాయి. రాష్ట్రాలకూ కొంత నీడ దొరికింది. మంగళవారం మంగళవారం జరిగే రాష్ట్ర రుణాల వేలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పేర్లు తరచూ కనిపించేవే. 2020 అక్టోబరులో ఆర్‌బీఐ మొదటిసారి రాష్ట్రాల బాండ్లను కూడా 10,000 కోట్ల మేర కొంది. 2021 జూన్ 17న జీ-శాప్‌లో భాగంగా ఇంకో 10,000 కోట్లు. ఇద్దరు తెలుగు ముఖ్యమంత్రుల ఆర్థిక శాఖలకూ ఆ వారాల్లో కాస్త ఊపిరాడి ఉంటుంది.

మరి ఆర్‌బీఐ వదిలిన ఆ రూపాయలు ఎటు పోయాయి? ఇక్కడే అసలు తమాషా. బ్యాంకులు బాండ్లు అమ్మి డబ్బు తీసుకున్నాయి. అప్పులివ్వాలి కదా? 2020-21లో బ్యాంకు రుణాల పెరుగుదల 6 శాతం లోపే. అడిగేవాడు ధైర్యం చేయలేదు, ఇచ్చేవాడికి నమ్మకం లేదు. డబ్బంతా సాయంత్రానికి మళ్లీ ఆర్‌బీఐ దగ్గరికే, రివర్స్ రెపో పేరుతో అది ఇచ్చే 3.35 శాతం వడ్డీకి, చేరేది. పొద్దున కొన్నవాడి గూటికే రాత్రికి చేరే పావురాలన్నమాట. 2021 సెప్టెంబరు, అక్టోబరు నాటికి అలా రోజూ వచ్చి పడుకునే డబ్బు 9 లక్షల కోట్లు. ఆర్‌బీఐ కూడా తూము తెరిచే ఉంచింది, కాలువలో నీళ్లూ నిండుగానే ఉన్నాయి, చివరి ఆయకట్టుకు మాత్రం చుక్క చేరలేదు. అక్టోబరు 8న దాస్ జీ-శాప్‌ను ఆపేశారు. అప్పటికే వ్యవస్థలో డబ్బు ఎక్కువైందన్నది ఆయనే చెప్పిన కారణం.

అందుకే బాండ్లు కొంటే ధరలు మండిపోతాయన్న భయం సగం నిజం. బ్యాంకుల ఖాతాల్లో పడుకున్న నిల్వ కూరగాయల మార్కెట్‌కు వెళ్లి ఉల్లిపాయలు కొనదు. జపాన్ కేంద్ర బ్యాంకు తన దేశ ప్రభుత్వ బాండ్లలో దాదాపు సగం కొనేసినా ధరలు పెరగలేదని ఏళ్ల తరబడి దిగులుపడింది. అమెరికాలో 2008 తర్వాత కొన్న మొదటి విడతలకు ద్రవ్యోల్బణం 2 శాతం లక్ష్యాన్నే అందుకోలేకపోయింది. అదే అమెరికాలో 2022 జూన్‌లో 9.1 శాతానికి ఎగబాకింది. రెంటికీ తేడా ఎక్కడుంది? చమురు, యుద్ధం, ఓడరేవుల్లో చిక్కులు సరే. వాటితోపాటు, రెండోసారి ఫెడ్ బాండ్లు కొంటుంటే ఆ పక్కనే ప్రభుత్వం ఆ అప్పుతో ఇంటింటికీ చెక్కులు పంపింది, 1,200 డాలర్లు, 600 డాలర్లు, 1,400 డాలర్లు. కేసీఆర్ ప్రెస్‌మీట్‌లో కలిసిపోయిన రెండు మాటలు అమెరికాలో నిజంగానే కలిశాయి. క్వాంటిటేటివ్ ఈజింగ్ వెనకాలే హెలికాప్టర్ ఎగిరింది. ధరలు ఎగరడంలో దానికీ వాటా ఉందనే నా అభిప్రాయం. ఎంత వాటా అన్నదాని మీద ఆర్థికవేత్తలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

మన దగ్గర నోట్లు పంచలేదు. అయినా ఒకరి నుంచి ఒకరికి డబ్బు మారింది, చప్పుడు లేకుండా.

2021 జూన్‌లో తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పదవీ విరమణ డబ్బులో 20 లక్షలు 2018లో మూడేళ్లకు ఎఫ్‌డీ వేశాడు, సీనియర్ సిటిజన్ అదనం కలిపి 7.3 శాతం. అంటే ఏడాదికి లక్షా 46 వేలు. అది తీరింది. బ్యాంకుకు వెళ్తే అయిదేళ్లకు 5.9 శాతం అన్నారట. లక్షా 18 వేలు. ఏడాదికి 28 వేలు తగ్గింది, నెలకు రెండు వేల మూడొందల పైన. బీపీ, షుగరు మందుల ఖర్చు సరిగ్గా అంత. ‘ఏరా, పేపర్లో రిజర్వు బ్యాంకు లక్ష కోట్లు పెట్టి ఏదో కొంటోందని రాశారు. కొనేవాడి దగ్గర డబ్బుంటే మాకు వడ్డీ తగ్గడమేంట్రా?’ అన్నాడు. లెక్కల మాస్టారు అడగాల్సిన ప్రశ్నే.

ఆయనకు నేను చెప్పింది ఇది. వడ్డీలు తగ్గడానికి పెద్ద కారణం జీ-శాప్ కాదు, 4 శాతానికి దించిన రెపో, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ. కానీ బ్యాంకుల దగ్గర ఇలా లక్షల కోట్లు మూలుగుతుంటే, డిపాజిట్ కోసం నీ గడప తొక్కాల్సిన అవసరం వాటికేముంది? సరుకు గుట్టలుగా ఉన్నప్పుడు వ్యాపారి రైతు దగ్గరికి వస్తాడా? అంతకు ముందు ఏడాది, 2020-21లో, ద్రవ్యోల్బణం సగటు 6.2 శాతం. ధరలు అదే తీరున పెరిగితే 5.9 శాతం వడ్డీ చేతికొచ్చాక కూడా బాబాయి అసలు కరిగినట్టే. అలా కరిగే దాంట్లో కొంత కేంద్ర ప్రభుత్వ వడ్డీ బిల్లులో మిగులుగా తేలుతుంది. పన్ను అని ఎవరూ అనలేదు, పార్లమెంటులో ఓటింగ్ జరగలేదు.

అటుపక్క ఎవరున్నారో కూడా చూడాలి. 2020 మార్చి 23న సెన్సెక్స్ 25,981 దగ్గర ముగిసింది. 2021 సెప్టెంబరులో 60,000 దాటింది. బాండ్ల మీద రాబడి చాలక, ఎఫ్‌డీ నచ్చక జనం షేర్ల వైపు నడిచారు. 2020 మార్చిలో 4 కోట్ల దగ్గరున్న, షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతాలు రెండేళ్లలో 9 కోట్ల దరిదాపులకు వెళ్లాయి. ఇదంతా ఆర్‌బీఐ చలవే అనడం అన్యాయం. విదేశీ నిధులున్నాయి, ఫెడ్ ఉంది, ఫోన్లోనే షేర్లు కొనే యాప్‌లున్నాయి. బ్యాంకులకు తమ దగ్గరున్న బాండ్ల విలువ పెరిగి ట్రెజరీ లాభాలు వచ్చాయి. ఇంటి రుణం 6.7 శాతం దాకా దిగి హైదరాబాద్ పడమటి శివార్లలో అపార్టుమెంట్లు చకచకా లేచాయి, అది మాత్రం ఎక్కువగా రెపో పుణ్యం. ఒక్క మాటలో, ఆస్తి ఉన్నవాడి ఆస్తి పెరిగింది, అప్పు పుట్టేవాడికి చౌకగా పుట్టింది, దాచుకుని దాని వడ్డీ మీద బతికేవాడు మిగిలిపోయాడు. ఈ అసమానతను కేంద్ర బ్యాంకులే ఒప్పుకున్న సందర్భముంది. బాండ్ల కొనుగోళ్ల వల్ల కుటుంబాల ఆర్థిక ఆస్తుల విలువ పెరిగిందనీ, అయితే ఆ ఆస్తుల్లో 40 శాతం, అందరికన్నా సంపన్నులైన 5 శాతం ఇళ్ల చేతుల్లోనే ఉన్నాయనీ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2012లోనే రాసింది. కొనుగోళ్లు లేకుంటే ఉద్యోగాలు పోయి పేదవాడే ముందు మునిగేవాడని కూడా వాదించింది. ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ మన ఆర్‌బీఐ నుంచి అలాంటి లెక్క నేనింతవరకు చూడలేదు.

ఇక్కడ పాత జ్ఞాపకం ఒకటి అడ్డొస్తుంది. 1950ల నుంచి 1997 దాకా కేంద్రానికి డబ్బు తగ్గినప్పుడల్లా అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు, అంటే అప్పటికప్పుడు రాసిచ్చే స్వల్పకాలిక అప్పు పత్రాలు, పుట్టేవి, ఆర్‌బీఐ వాటిని తీసుకుని డబ్బు ఇచ్చేది. బడ్జెట్ లోటంటే దాదాపు అచ్చు యంత్రమే. ఆ అలవాటు మాన్పించే ఒప్పందం 1994లో కుదిరింది, అప్పుడు ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్, ఆర్‌బీఐ గవర్నరు సి. రంగరాజన్. ఆ రంగరాజనే తర్వాత హైదరాబాద్ రాజ్‌భవన్‌లో మన గవర్నరయ్యారు. ఆ పైన ప్రభుత్వ లోటుకు, అప్పులకు పగ్గం వేసే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం 2006 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ ప్రభుత్వం దగ్గర నేరుగా బాండ్లు కొనకూడదంది. విపత్తుల్లాంటి సమయాలకు 2018లో ఒక కిటికీ తెరిచారు గానీ కోవిడ్‌లో కూడా దాన్ని వాడలేదు. జీ-శాప్ ఆ గీత దాటలేదు, కొన్నదంతా మార్కెట్ నుంచే. అయితే కొద్ది రోజుల్లో ఆర్‌బీఐ కొంటుందని ముందే తెలిస్తే శుక్రవారం వేలంలో ప్రభుత్వ బాండు తీసుకునే డీలరుకు భయమేముంటుంది? మధ్యలో ఒక డీలరు నిలబడ్డాడు, కమీషన్ తీసుకున్నాడు. చట్టం అక్షరం మిగిలింది. స్ఫూర్తి మాత్రం వంగింది. విపత్తు వేళ వంగడం తప్పు కాదనుకుంటాను. అలవాటైతేనే చిక్కు.

అలవాటవుతుందా అన్నదానికి 2025 చూడాలి. ఈసారి కథ వేరు. రూపాయి పడిపోకుండా ఆర్‌బీఐ డాలర్లు అమ్మింది. అమ్మిన ప్రతి డాలరుకూ వ్యవస్థలోంచి రూపాయలు ఆర్‌బీఐ లోపలికి వెళ్లిపోయాయి. బ్యాంకులు కటకటలాడాయి. దాంతో 2025 జనవరి 27న 60,000 కోట్ల బాండ్లు కొంటామని ప్రకటన, ఆ తర్వాత మే దాకా నెలనెలా కొనుగోళ్లు, మళ్లీ డిసెంబరులో లక్ష కోట్లు, అదే నెల చివర్లో మరో రెండు లక్షల కోట్ల ప్రకటన. ఒక చేత్తో లాక్కున్న రూపాయలు రెండో చేత్తో వదలడం ఇది. దీన్ని ఉద్దీపన అనడం కన్నా కారిన కుండను నింపడం అంటే సరిపోతుంది. అన్నట్టు, ఇంత కొన్నా, రెపోను ఏడాదిలో 6.5 నుంచి 5.25 శాతానికి దించినా, పదేళ్ల రాబడి ఏడాది చివరికి 6.6 దగ్గరే మొండికేసింది. డాలరు 90 దాటింది. 2021లో గీసిన గీత దగ్గర ఆగిన మార్కెట్ ఈసారి ఆగలేదు. ఆర్‌బీఐ ఎంత కొంటుందన్నదే కాదు, ప్రభుత్వాలు ఎంత అమ్ముతాయన్నదీ డీలరు చూస్తాడు. కేంద్రంతోపాటు రాష్ట్రాల అప్పుల వరస కూడా ఇందులో ఉంది, మన రెండు రాష్ట్రాలూ ఆ వరసలో వెనకేమీ లేవు.

ఇంకో చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే దీన్ని లాభంగా చూపించే వాళ్లున్నారు. ఆర్‌బీఐ దగ్గరున్న బాండ్ల మీద కేంద్రం వడ్డీ కడుతుంది, ఆర్‌బీఐ మిగులులో భాగంగా ఆ డబ్బే డివిడెండు రూపంలో కేంద్రానికి తిరిగొస్తుంది. 2024-25కు ఆ డివిడెండు 2.69 లక్షల కోట్లు. అందులో డాలర్ల అమ్మకాల లాభం పాలు కూడా ఎక్కువే. అమెరికాలో ఇదే చక్రం 2022 సెప్టెంబరు నుంచి వెనక్కి తిరిగింది. తక్కువ వడ్డీకి కొన్న బాండ్లు చేతిలో ఉండగా బ్యాంకులకు ఎక్కువ వడ్డీ, తర్వాత 5 శాతం పైన కూడా, చెల్లించాల్సి వచ్చి ఫెడ్ నష్టాల్లో పడింది, ఖజానాకు పంపడం మానేసింది. పేరుకున్న నష్టం 20,000 కోట్ల డాలర్లు దాటింది. మనకు ఆ గతి పట్టకపోవడానికి ఒక కారణం, ఆర్‌బీఐ తను అచ్చేసి వదిలిన నోట్లకు గానీ, బ్యాంకులు తప్పనిసరిగా ఉంచే నగదు నిల్వలకు గానీ వడ్డీ ఇవ్వదు. అంటే ఆ భారమూ చివరికి డిపాజిటర్ల రేటులోంచే వస్తుంది.

బాబాయి ఆ రోజు ఫోన్లో అడిగాడు, ‘ఇంకా తగ్గుతుందంటావా? అయిదేళ్లకు వేసేయనా?’ అని. జీ-శాప్ నడుస్తోంది, దాస్ ప్రతి సమావేశంలోనూ వడ్డీలు తక్కువగానే ఉంచుతామంటున్నారు. నేను కూడా అదే నమ్మి, ‘వేసెయ్ బాబాయ్’ అన్నాను. పదకొండు నెలలు తిరిగాయో లేదో, 2022 మే 4న, ద్రవ్యోల్బణం 8 శాతం అంచున ఉండగా ఆర్‌బీఐ ముందస్తు చప్పుడు లేకుండా రెపో పెంచింది. 2023 నాటికి అదే బ్యాంకు సీనియర్లకు 7 శాతం పైనే ఇస్తోంది. ఎఫ్‌డీ విరగ్గొడితే జరిమానా. సంక్రాంతికి వెళ్లినప్పుడు రెండుసార్లు ఆ ప్రస్తావన తెచ్చాడు, మూడోసారి తేలేదు.

ఆ ఎఫ్‌డీ 2026 జూన్‌లో తీరుతుంది. మొన్న ఫోన్ చేసి, ‘ఈసారి నీ సలహా వద్దు గానీ, రిజర్వు బ్యాంకు కొంటోందో అమ్ముతోందో అది మాత్రం చూసి చెప్పరా’ అన్నాడు.